పొలిమేర దాటిన దారి

తన ముంగిటికి వచ్చిన ప్రతి ప్యాకెట్టు తలమీది గమ్యపు అంకెలను చదివి, తన యొద్దనున్న పట్టికలో వాటికి సరిపోలు పంక్తిని వెదకి, అది ఏ ద్వారమున పోవలెనో రెప్పపాటు కంటె ఎంతో తక్కువ కాలములో నిర్ణయించు రౌటరు అను యంత్రమునకు లోకమును గూర్చి స్వయముగా తెలిసినది మిక్కిలి స్వల్పము. గమ్యము ఎంత దూరమున నున్నదో, నడుమ ఎన్ని నగరములు, ఎన్ని సముద్రములు కలవో అది ఎన్నడును చూచి యెరుగదు. తనకు తగిలించిన తీగల రెండవ కొనయందేమున్నదో అంతమాత్రమే దానికి ప్రత్యక్షము. తక్కినదంతయు పొరుగు రౌటర్లు చెప్పగా వ్రాసికొన్న మాటయే. ఆ మాట నిజమైనచో ప్యాకెట్టు గమ్యము చేరును. కానిచో అంతే వేగముతో, అంతే నమ్మకముతో తప్పుద్వారమున పోవును. కాబట్టి పట్టికను ఎంత త్వరగా చదువవచ్చునన్న ప్రశ్నకంటె, అందలి పంక్తి ఎవరు చెప్పగా వచ్చినది, ఎన్ని నోళ్ళు మారి వచ్చినది అను ప్రశ్నయే నెట్‌వర్కుల శాస్త్రమున లోతైనదని నా అభిప్రాయము.

ఒకే పద్ధతిని అనుసరించి, ఒకే కొలమానముతో, తమలో తాము దారులను తెలుపుకొను రౌటర్ల సముదాయమునకు రౌటింగు డొమైను అని పేరు. ఈ వ్యాసమున దానిని మార్గమండలమని వ్యవహరింతును. ఒక మండలము లోపల వార్త సుఖముగా ప్రవహించును. చిక్కంతయు రెండు మండలములు కలియు పొలిమేర యొద్ద, ఒకవైపున నేర్చిన దారిని రెండవవైపునకు చెప్పవలసి వచ్చినపుడు పుట్టును. అచ్చట దారి దాటును గాని, ఆ దారి ఎచ్చట పుట్టినది, ఎంత దూరము నడచినది, ఎవరి చేతులమీదుగా వచ్చినది అను పూర్వచరిత్ర తరచుగా దాటదు. ఇంటర్నెట్టునకు సంభవించిన పెద్ద విఘాతములలో అనేకము ఈ మరపునుండియే పుట్టినవి. వాటికి ఇంజనీర్లు కనుగొన్న చికిత్సలు చాలవరకు ఆ పోయిన జ్ఞాపకమును మరల దారికి ముడివేయు ప్రయత్నములే.

మొదట మండలములలోని భేదమును చూతము. రిప్ అను పాత ప్రోటోకాలునందు ప్రతి రౌటరును 30 సెకనుల కొకమారు తన పట్టికను పొరుగువారికి వినిపించును. విన్న రౌటరు అందలి ప్రతి దూరమునకు ఒకటి చేర్చి, అది తన యొద్దనున్నదానికంటె తక్కువైనచో స్వీకరించును. దూరమనగా ఇచ్చట మైళ్ళు గావు, దాటవలసిన రౌటర్ల సంఖ్య. 15 వరకు దూరము. 16 అనగా అనంతము, అనగా చేరరాని చోటు. రిచర్డ్ బెల్‌మన్, లెస్టర్ ఫోర్డ్ అను గణితవేత్తలు 1950లలో రూపొందించిన గణనవిధానముపై నిలిచిన ఈ పద్ధతిని, అది వాడుకలోనికి వచ్చిన కొన్నియేండ్లకు, చార్లెస్ హెడ్రిక్ 1988 జూనులో ఆర్.ఎఫ్.సి. 1058 అను పత్రముగా గ్రంథస్థము చేసెను. దీనిలో ఏ రౌటరునకును నెట్‌వర్కు పటము తెలియదు. దిక్కును దూరమును మాత్రమే తెలియును.

దాని వెనుక వచ్చిన ఓ.ఎస్.పి.ఎఫ్. వేరు తీరుది. 1989లో జాన్ మోయ్ వెలువరించిన ఈ పద్ధతియందు ప్రతి రౌటరును తన తీగలను గూర్చి మాత్రమే చాటును, కాని ఆ చాటింపు మండలమంతటికిని మార్పులేక చేరును. అందరి చాటింపులను కూర్చి ప్రతి రౌటరును మండలపు పూర్తి పటమును తనలో నిర్మించుకొని, దానిమీద తానే దగ్గరి దారిని గణించుకొనును. ఆ గణనకు ఆధారమైన పద్ధతిని ఎడ్స్గర్ డైక్‌స్ట్రా 1956లో ఆమ్‌స్టర్‌డామ్ నగరమున ఒక కాఫీ హోటలు ముందర, కాబోవు భార్యతో కూర్చుండి, కాగితమును కలమును ముట్టక ఇరువది నిమిషములలో ఊహించెను. 1959లో అది మూడు పుటల వ్యాసముగా అచ్చయినది. మూడు పుటలలో ఇమిడిన ఒక ఆలోచన అరువదియేండ్లు గడచినను లోకపు తీగలన్నిటిమీదను పనిచేయుచుండుట తలచుకొన్నప్పుడెల్ల నాకు ఆనందము కలుగుచుండును. ఇక కొలమానము: ఓ.ఎస్.పి.ఎఫ్. లెక్కించునది రౌటర్ల సంఖ్య గాదు, తీగ వేగమునుబట్టి విధించిన వ్యయము. సిస్కో అను కంపెనీ రౌటర్లలో అలవాటుగా ఉన్న లెక్క ప్రకారము సెకనుకు కోటి బిట్లు మోయు తీగకు వ్యయము 10, పది కోట్ల బిట్లు మోయు తీగకు 1.

ఒక సంస్థలో ఒకే పద్ధతి ఉండిన చాలదా యని పాఠకుడు అడుగవచ్చును. ఉండిన మేలే, కాని సంస్థలు పుట్టినరీతిగనే ఉండిపోవు. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకును కార్పొరేషన్ బ్యాంకును యూనియన్ బ్యాంకులో విలీనమైనట్లు, సంస్థలు కలిసినప్పుడెల్ల ఖాతాలతోపాటు తీగలును కలియవలెను. ఏండ్ల తరబడి వేర్వేరు చేతులలో పెరిగిన రెండు నెట్‌వర్కులు ఒక్కరాత్రిలో ఒకే పద్ధతికి మారలేవు. పాత యంత్రములు క్రొత్త ప్రోటోకాలును ఎరుగవు. కొన్ని యంత్రములు ఒకే కంపెనీ పద్ధతిని తప్ప వేరొకదానిని ఒల్లవు. కొన్ని విభాగములు తమ అధికారమును తమ యొద్దనే ఉంచుకొనగోరును. అందుచేత రెండు మండలములకును చెందిన ఒక రౌటరును పొలిమేరయందు నిలిపి, ఇటు నేర్చినదానిని అటు చెప్పుమని ఆజ్ఞాపింతురు. నెట్‌వర్కు నిర్వాహకులు దీనినే రీడిస్ట్రిబ్యూషన్ అందురు. ఆజ్ఞ ఒక్క పంక్తిలో ముగియును. దాని ఫలితములు అంత సులభముగా ముగియవు.

రిప్ మండలమున 3 అను దూరముగల దారిని ఓ.ఎస్.పి.ఎఫ్. మండలమునకు చెప్పవలెననిన, దానిని ఎంత వ్యయముగా వ్రాయవలెను? పూర్వము హైదరాబాదు సంస్థానమున హాలీ సిక్కాయు, దాని ఎల్లకు ఆవల కల్దారు అని జనులు పిలుచుకొన్న బ్రిటిషు రూపాయయు చెల్లుచుండిన కాలమున, బెజవాడకు సరకు తెచ్చిన నల్లగొండ వర్తకుడు సుమారు ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దారు చొప్పున మార్చుకొని లెక్క సరిపెట్టుకొనుచుండెను. రెండు నాణెములలోను వెండి యుండుటచేత ఆ మారకమునకొక ఆధారముండెను. రౌటర్ల సంఖ్యకును తీగల వేగమునకును అట్టి మారకపు ధర లేదు. కావున పొలిమేర రౌటరు పాత అంకెను పారవేసి, నిర్వాహకుడు చెప్పిన క్రొత్త అంకెను, అనగా సీడ్ మెట్రిక్కును, దారికి అంటించును. నిర్వాహకుడు చెప్పుట మరచినచో ఒక్కొక్క పద్ధతి ఒక్కొక్కరీతిగా ప్రవర్తించును. సిస్కో యంత్రములలో రిప్ అట్టి దారిని అనంతముగా భావించి ఎవరికిని చెప్పదు, ఓ.ఎస్.పి.ఎఫ్. దానికి 20 అను వ్యయమును ఇచ్చి, మండలములో ఎంతదూరము పోయినను ఆ 20ని మార్చక అందరికిని చాటును. మూడు రౌటర్ల దూరమున నున్నదియు, పదమూడు రౌటర్ల దూరమున నున్నదియు, రెండును ఆవలివైపున 20గనే కనబడును. ఇది మొదటి మరపు.

రెండవది ఇంకను సూక్ష్మమైనది. ఒకే గమ్యమునకు రెండు ప్రోటోకాళ్ళు రెండు దారులు చెప్పినచో, పోల్చదగిన కొలమానము లేదు గనుక, రౌటరు చెప్పిన పద్ధతి యొక్క నమ్మకమునుబట్టి తేల్చుకొనును. ఈ నమ్మకమునకు అడ్మినిస్ట్రేటివ్ డిస్టెన్స్ అను అంకె కలదు. చిన్న అంకెకు పెద్ద గౌరవము. సిస్కో రౌటర్లలో నేరుగా తగిలియున్న తీగకు 0, చేతితో వ్రాసిన దారికి 1, మున్ముందు వివరింపబోవు బి.జి.పి. వెలుపలినుండి తెచ్చిన దారికి 20, ఓ.ఎస్.పి.ఎఫ్.కు 110, రిప్‌కు 120. ఈ తీర్పు పద్ధతినిగూర్చినదే గాని వార్తను గూర్చినది కాదు. రిప్ మండలములో పుట్టిన దారి ఓ.ఎస్.పి.ఎఫ్. ముఖమున మరల చెప్పబడినచో, అది అసలు దారికంటె ఎక్కువ నమ్మదగినదైపోవును. ప్రత్యక్షముగా విన్న సాక్షి మాటను త్రోసిపుచ్చి, ఆ సాక్షి చెప్పగా విన్నవాని మాటను స్వీకరించుట యిది.

ఒక్క పొలిమేర రౌటరే ఉన్నంతవరకు ఇదియేమియు బాధింపదు. కాని ఒకటి చెడినచో రెండవది ఆదుకొనవలెనను సద్బుద్ధితో రెండింటిని నిలుపుదురు. కష్టము అచ్చటనే ప్రారంభమగును. తూర్పు రౌటరు, పడమటి రౌటరు అని రెండు పొలిమేర రౌటర్లు కలవనియు, రెండును ఇటు వార్తను అటును, అటు వార్తను ఇటును చెప్పుచున్నవనియు, రిప్ మండలపు ఒక మూల ఒక చిన్న శాఖ కార్యాలయపు నెట్‌వర్కు కలదనియు అనుకొందము. రెండు రౌటర్లకును ఆ శాఖ నాలుగు అడుగుల, అనగా నాలుగు రౌటర్ల, దూరమున నున్నది. తూర్పు రౌటరు ఈ దారిని ముందుగా ఓ.ఎస్.పి.ఎఫ్.లో చాటెను. ఆ చాటింపు మండలమంతయు తిరిగి పడమటి రౌటరును చేరెను. పడమటి రౌటరు 120 అను నమ్మకము గల తన సొంత రిప్ దారిని విడిచి, 110 గల ఈ క్రొత్త దారిని పట్టికలో వ్రాసికొనెను. ఇప్పుడు శాఖకు పోవలసిన ప్యాకెట్టును అది ఎదురుగానున్న రిప్ మండలములోనికి పంపక, ఓ.ఎస్.పి.ఎఫ్. మండలమునంతయు చుట్టి తూర్పు రౌటరు యొద్దకు పంపును. ఇంతవరకు నష్టము దూరమే.

కాని పడమటి రౌటరునకు ఇంకొక ఆజ్ఞ కలదు గదా: ఓ.ఎస్.పి.ఎఫ్.లో నేర్చినదానిని రిప్‌లో చెప్పవలెను. శాఖకు దారి ఇప్పుడు ఓ.ఎస్.పి.ఎఫ్.లో నేర్చినదే. అందుచే అది, సీడ్ మెట్రిక్కు 1 అని నిర్వాహకుడు వ్రాసియుండినచో, ఆ శాఖ నాయొద్దనుండి ఒక్క అడుగు దూరమేయని రిప్ మండలములో చాటును. నిజమునకు శాఖకు మూడడుగుల దూరముననున్న పొరుగు రౌటరు ఈ మాట విని, ఒకటి చేర్చి, రెండడుగుల దారి దొరకినదని సంతోషించి, తన ప్యాకెట్లను శాఖవైపు గాక పడమటి రౌటరువైపు మరల్చును. పడమటిది తూర్పునకు పంపును. తూర్పుది రిప్ మండలములోనికి పంపును. ఆ మండలములోని మోసపోయిన రౌటరు మరల పడమటికి పంపును. ప్యాకెట్టు తన ఆయుఃప్రమాణముగా తలమీద మోసికొనివచ్చిన అంకె, ప్రతి రౌటరును దాటినప్పుడెల్ల ఒకటొకటిగా తరిగి సున్న యగువరకు, ఈ వలయములో తిరిగి నశించును.

ఈ ఉదాహరణములో నన్ను మిక్కిలి ఆలోచింపజేయునది మరియొకటి కలదు. రిప్‌ను నిర్మించినవారు వలయములను ఎరుగనివారు కారు. తప్పువార్త చక్రముగా తిరిగినచో దూరము ఒకటొకటిగా పెరిగి 16కు చేరి, అనంతమై, తానే చచ్చుననియే వారు ఆ హద్దును పెట్టిరి. పొలిమేరయందు సీడ్ మెట్రిక్కు ఆ రక్షణను నిశ్శబ్దముగా తొలగించును. చక్రము పొలిమేర దాటినప్పుడెల్ల లెక్క మరల 1 నుండి మొదలగును గనుక 16 ఎన్నడును రాదు. శాఖ కార్యాలయపు తీగ తెగిపోయి, ఆ నెట్‌వర్కు లోకమునందే లేకపోయినను, తూర్పు రౌటరు పడమటిదానినుండి వచ్చిన ప్రతిధ్వనిని నమ్మును, పడమటిది తూర్పుదాని ప్రతిధ్వనిని నమ్మును. లేని చోటునకు దారి కలదని రెండును చాటుచునేయుండును. రెండు మండలములలోని పద్ధతులును దేనికది నిర్దుష్టమైనవి. దోషము పుట్టినది ఆ రెంటి నడుమ.

దీనికి మందు సులభము. తూర్పు రౌటరు దారిని అవతలికి చెప్పునపుడు, ఇది రిప్‌లో పుట్టినదని తెలుపు ఒక గుర్తును, అనగా ట్యాగ్ అను అంకెను దానికి తగిలించును. ఆ గుర్తుగల దారిని పడమటి రౌటరు తిరిగి రిప్‌లోనికి పోనీయదు. ఓ.ఎస్.పి.ఎఫ్. వెలుపలనుండి వచ్చిన ప్రతి దారికిని ఇట్టి గుర్తునకై 32 బిట్ల చోటును మొదటినుండియే ఉంచినది. మొదటి రిప్‌లో ఆ చోటు లేదు. 1993లో రూపొందిన రెండవ రిప్‌లో 16 బిట్ల చోటును చేర్చిరి. దారి దూరముతోపాటు పుట్టుకను గూడ మోయవలెనని అనుభవము నేర్పిన పాఠమది. గుర్తుతోపాటు అడ్మినిస్ట్రేటివ్ డిస్టెన్సును సవరించుటయు, ఏయే దారులు దాటవచ్చునో పట్టీగా వ్రాసి తక్కినవానిని ఆపుటయు మంచి నిర్వాహకులు చేయు పనులు. ఫ్రాంక్ లే, జెఫ్రీ షీ మొదలగు పరిశోధకులు 1600కు పైగా నెట్‌వర్కుల రౌటరు ఆజ్ఞలను పరిశీలించి 2008లో ప్రకటించిన వ్యాసమున, ఈ రీడిస్ట్రిబ్యూషన్ విస్తారముగా వాడుకలోనున్నదనియు, ఉన్న ప్రోటోకాళ్ళతో మాత్రమే సాధింపరాని ప్రయోజనములకొరకే నిర్వాహకులు దీనిని ఆశ్రయించుచున్నారనియు తేల్చిరి. ఇది వాస్తవమున పెద్ద నెట్‌వర్కులను అతికియుంచు బంకయని వారి నిర్ణయము.

ఒక సంస్థ లోపలి మండలములను విడిచి లోకమును చూచినచో, ఇదే ప్రశ్న బృహద్రూపమున ఎదురగును. ఇంటర్నెట్టు నేడు డెబ్బదివేలకు పైగా స్వయంపాలిత వ్యవస్థల సమాహారము. ఒక్కొక్క వ్యవస్థకు ఒక్కొక్క సంఖ్య, ఒక్కొక్క యజమాని, ఒక్కొక్క విధానము. ఈ భావనను 1982 అక్టోబరులో ఎరిక్ రోజెన్ ఆర్.ఎఫ్.సి. 827 అను పత్రమున ప్రతిపాదించి, వ్యవస్థల నడుమ దారులు తెలుపుకొనుటకు ఇ.జి.పి. అను ప్రోటోకాలును వివరించెను. అయితే అది నెట్‌వర్కులన్నియు ఒక కాండమునుండి కొమ్మలుగా చీలియుండునని నమ్మినది; కొమ్మలు తమలో తాము కలిసికొని వలయమైనచో దానికి దిక్కుతోచదు. నెట్‌వర్కులు ఆ హద్దును త్వరలోనే దాటినవి. 1989 జనవరిలో టెక్సాసు రాష్ట్రపు ఆస్టిన్ నగరమున జరిగిన ఇంజనీర్ల సమావేశమున, మధ్యాహ్న భోజనపు బల్లయొద్ద, సిస్కోకు చెందిన కిర్క్ లోహీడ్, లెన్ బోసాక్, ఐ.బి.ఎమ్.కు చెందిన యాకొవ్ రెఖ్టర్ కలిసి కాగితపు రుమాళ్ళమీద ఒక క్రొత్త ప్రోటోకాలును గీసిరి. అదే బి.జి.పి. ఆ సంవత్సరము జూనులో ఆర్.ఎఫ్.సి. 1105గా వెలువడి, ఇప్పుడు నాలుగవ రూపమున లోకమంతటి మార్గములను మోయుచున్నది.

బి.జి.పి. యొక్క మహత్తంతయు ఒక్క ఊహలో నున్నది. ప్రతి దారియు తాను దాటివచ్చిన వ్యవస్థల సంఖ్యలను వరుసగా మోసికొని వచ్చును. ప్రతి వ్యవస్థయు పొరుగువారికి చెప్పునపుడు తన సంఖ్యను ముందు చేర్చును. ఆ వరుసలో తన సంఖ్యయే కనబడినచో, ఈ దారి నాయొద్దనుండియే పోయి తిరిగి వచ్చినదని గ్రహించి రౌటరు దానిని త్రోసివేయును. వలయమును కనుగొనుటకు 16 అను హద్దుతో పనిలేదు, పటముతోను పనిలేదు. దారి చరిత్రయే చాలును. రిప్ మరచినదానిని, పొలిమేర రౌటరు పారవేసినదానిని, బి.జి.పి. దారిలోనే భాగముగా చేసినది.

అయినను ఆ చరిత్రను తుడిచివేయగల చోటొకటి మిగిలినది: బి.జి.పి.యు లోపలి ప్రోటోకాలును కలియు పొలిమేర. 1997 ఏప్రిల్ 25న అమెరికాలో 7007 అను సంఖ్యగల ఒక చిన్న వ్యవస్థలోని రౌటరు, తాను వెలుపలినుండి నేర్చిన లోకపు దారులను చిన్నచిన్న ముక్కలుగా విడగొట్టి, వాటి పూర్వపు వరుసలు పోగా, అవన్నియు తన యొద్దనే పుట్టినవన్నట్లు తిరిగి లోకమునకు చాటెను. పొడవైన అంకెకు, అనగా చిన్న ముక్కకు, రౌటర్లు ప్రాధాన్యమిచ్చుననునది ఇంటర్నెట్టు మూలనియమములలో నొకటి. కావున అసలు యజమానులు చాటుచున్న పెద్ద దారులను విడిచి లోకపు ప్యాకెట్లు ఆ చిన్న రౌటరు దిక్కునకు పరుగిడినవి. ఆ రౌటరు తీగలను ఊడబెరికిన తరువాతను దాని మాటలు పెద్ద నెట్‌వర్కులలో చాలసేపు తిరుగుచుండెను.

2008 ఫిబ్రవరి 24 నాటి ఉదంతము ఇంకను ప్రసిద్ధము, మన విషయమునకు ఇంకను సన్నిహితము. యూట్యూబును తమ దేశమున ఆపివేయవలెనని పాకిస్తాను ప్రభుత్వ సంస్థ ఆజ్ఞాపింపగా, పాకిస్తాన్ టెలికామ్ యూట్యూబు చిరునామాలకు పోవు ప్యాకెట్లను శూన్యములోనికి త్రోయు ఒక దారిని చాటెను. ఆ దారి తమ పొలిమేర లోపల ఉండవలసినది, అది బి.జి.పి.లోనికి జారి, వారికి పై సేవనిచ్చు హాంగ్‌కాంగు సంస్థ పి.సి.సి.డబ్ల్యు.కు చేరెను, ఆ సంస్థ వడపోత లేక లోకమునకు చాటెను. యూట్యూబు చాటుచున్నది 22 బిట్ల దారి, అనగా 1024 చిరునామాలు. పాకిస్తానునుండి వచ్చినది అందులోని 256 చిరునామాలకు 24 బిట్ల దారి. చిన్న ముక్కయే గెలిచినది. గ్రీనిచ్ కాలమాన ప్రకారము 18 గంటల 47 నిమిషములకు ఆరంభమైన ఈ అనర్థమునకు ప్రతిగా, యూట్యూబు 20 గంటల 7 నిమిషములకు అదే 24 బిట్ల దారిని తానును చాటెను. పదునొకండు నిమిషముల పిదప దానిని రెండు 25 బిట్ల ముక్కలుగా చేసి చాటెను. 21 గంటల 1 నిమిషమునకు హాంగ్‌కాంగు సంస్థ తప్పు దారిని ఉపసంహరించెను. గంటకు పైగా లోకమున అధిక భాగమునకు యూట్యూబు లేకపోయినది. ఇందులో ఎవడును యంత్రములలోనికి చొరబడలేదు, ఏ తాళమును పగులలేదు. లోపలి మాట వెలుపల వినబడినది, అంతే. మన దేశమునను 2021 ఏప్రిల్ 16న వొడాఫోన్ ఐడియాకు చెందిన 55410 సంఖ్యగల వ్యవస్థ తనవి గాని ముప్పదివేలకు పైగా దారులు తనయొద్ద పుట్టినవిగా చాటెను.

దారి ఎచ్చట పుట్టినదను దానితో విచారణ ముగియదు. అది ఎవరికి చెప్పదగినది అను ప్రశ్నయు కలదు. రెండు వ్యవస్థల సంబంధము సామాన్యముగా రెండు విధములు: ఒకరు సొమ్మిచ్చి సేవ గొనుట, లేదా ఇద్దరును సమానులై తమ తమ ఖాతాదారుల దారులను ఇచ్చిపుచ్చుకొనుట. 2003లో ఏర్పడిన నిక్సీ అను సంస్థ మన దేశమున, హైదరాబాదుతో సహా, ఈ రెండవ విధపు కూడలులను నడపుచున్నది; నగరములోని ఇరువురు సేవాదారుల నడుమ పోవలసిన ప్యాకెట్టు విదేశమునకు పోయి రాకుండుటకే అవి పుట్టినవి. ఇట్టి లోకమున పాటింపవలసిన నియమమును లిక్సిన్ గావ్, జెన్నిఫర్ రెక్స్‌ఫర్డ్ అను శాస్త్రవేత్తలు ఈ శతాబ్ది ఆరంభమున స్పష్టముగా నిరూపించిరి. ఖాతాదారునినుండి నేర్చిన దారిని అందరికిని చెప్పవచ్చును. పై సేవాదారునినుండి గాని సమానునినుండి గాని నేర్చినదానిని ఖాతాదారులకు తప్ప ఎవరికిని చెప్పరాదు. దీనిని తప్పినచో, ఒక చిన్న వ్యవస్థ ఇరువురు మహావ్యవస్థల నడుమ ప్రవాహమును తన ఇరుకు తీగలమీదికి తెచ్చుకొని మునుగును. దీనినే రూట్ లీక్ అందురు.

ఈ నియమము చిరకాలము నిర్వాహకుల మనస్సులలోనే ఉండెను గాని దారిమీద వ్రాయబడలేదు. 2022 మేలో వెలువడిన ఆర్.ఎఫ్.సి. 9234 ఆ లోపమును పూరించినది: పొరుగువారిద్దరును తమ సంబంధమేదో సంధిసమయముననే ఒకరికొకరు చెప్పుకొందురు, పై సేవాదారుడు క్రిందికి పంపు దారికి, ఇది ఖాతాదారులకు మాత్రమేయను ముద్ర పడును, ఆ ముద్రతో దారి ఏ ఖాతాదారునినుండియైన పైకి వచ్చినచో, అది జారివచ్చినదని యంత్రమే పోల్చుకొనును. పుట్టుకనుగూర్చిన సాక్ష్యమునకు ఆర్.పి.కె.ఐ. కలదు, చిరునామాల యజమాని, నా దారిని ఫలాని సంఖ్యగల వ్యవస్థయే చాటదగును, ఇంతకంటె చిన్న ముక్కలుగా చాటరాదు అని సంతకముచేసి ప్రకటించును. ఈ సంతకము పుట్టుకను రుజువుచేయును గాని నడకను రుజువుచేయదు. కావున పై ముద్రయు ఇదియు రెండును కావలెను.

విడదీయుటయు కలుపుటయు రెండును మొదటినుండియే బుద్ధిపూర్వకముగా ఆలోచించిన రచన ఒకటి కలదు. 1982లో స్వయంపాలిత వ్యవస్థను ప్రతిపాదించిన ఎరిక్ రోజెనే, బి.జి.పి. రుమాళ్ళయొద్ద కూర్చున్న రెఖ్టర్‌తో కలిసి, 1999 మార్చిలో ఆర్.ఎఫ్.సి. 2547 వ్రాసెను. సేవాదారుని ఒకే రౌటరుమీద ప్రతి ఖాతాదారునకు వేరుపట్టికను, అనగా వి.ఆర్.ఎఫ్.ను ఏర్పరచు పద్ధతి అది. ఒక బ్యాంకును ఒక ఆసుపత్రియు ఒకే తీగలను వాడుకొనవచ్చును, ఒకదాని ఉనికి వేరొకదానికి తెలియనక్కరలేదు. ఇరువురును సొంతవాడుకకు విడిచిన 10తో మొదలగు చిరునామాలనే, కోటి అరువదియేడు లక్షలకు పైగానున్న ఆ సముదాయమునే, వాడుచుండవచ్చును. సేవాదారుడు నాలుగు బైట్ల చిరునామాకు ముందు ఎనిమిది బైట్ల రూట్ డిస్టింగ్విషర్‌ను చేర్చి, ఏ దారి ఎవరిదో కలగాపులగము కాకుండ చూచుకొనును.

ఇక పంచుకొనుట రూట్ టార్గెట్ అను గుర్తుచే జరుగును. పట్టికనుండి వెలువడు దారి ఒక గుర్తుతో వెలువడును. ప్రతి పట్టికయు తాను ఏ గుర్తులుగల దారులను స్వీకరించునో ముందే ప్రకటించును. పంపువాడు గుర్తు వేయవలెను, పుచ్చుకొనువాడు ఆ గుర్తును కోరవలెను. ఇరువురి సమ్మతియు లేక దారి పొలిమేర దాటదు. ఒక శాఖ మరియొక శాఖతో నేరుగా మాటలాడక ప్రధాన కార్యాలయము ద్వారానే మాటలాడవలెననినను, వేర్వేరు విభాగములు ఒకే సర్వరును వాడుకొనవలెననినను, గుర్తుల ఏర్పాటుతోనే సాధ్యమగును. ఇందులో క్రొత్తవారు తరచుగా మరచునది తిరుగుదారి. సర్వరునకు పోవు దారిని విభాగమునకు ఇచ్చి, విభాగమునకు వచ్చు దారిని సర్వరు పట్టికకు ఇవ్వకపోయినచో, ప్రశ్న పోవును, జవాబు రాదు. మరియొక చిక్కు చిరునామాలది: వేర్వేరు పట్టికలలో ప్రశాంతముగానున్న రెండు ఒకే చిరునామాలు ఒక ఉమ్మడి పట్టికలోనికి వచ్చినంతనే ఢీకొనును, అప్పుడు చిరునామాలను మార్చిపంపు నాట్ సామాన్యముగా అవసరమగును.

ఈ రచనలోను పొలిమేర మరపు వెంటాడినది. సేవాదారుని బి.జి.పి.నుండి ఖాతాదారుని ఓ.ఎస్.పి.ఎఫ్.లోనికి దిగిన దారి, రెండవ తీగద్వారా మరల సేవాదారుని యొద్దకు ఎగబాకి వలయమగుచుండెను. 2006లో దానికి కనుగొన్న ఉపాయము ఒకే ఒక్క బిట్టు: దిగునప్పుడు ఆ బిట్టును వెలిగింతురు, వెలిగియున్న దారిని ఏ సేవాదారు రౌటరును తిరిగి పైకి తీసికొనదు. పొలిమేర రౌటర్ల తూర్పు పడమరల కథకును దీనికిని తత్త్వమొక్కటే. అచ్చట నిర్వాహకుడు చేతితో వేయవలసిన గుర్తును ఇచ్చట ప్రోటోకాలే వేయుచున్నది. మనుష్యుని జాగ్రత్తకు విడిచిన రక్షణకంటె యంత్రము తానై పాటించు రక్షణ మేలని నేను నిస్సంశయముగా తలతును.

ఈ వ్యాసమును చదువువారిలో నెట్‌వర్కు నిర్వహణమే వృత్తిగా గలవారు, హైదరాబాదులోను విజయవాడలోను విదేశములలోను, తప్పక ఉందురు. వారికి నా విన్నపమొకటి. రీడిస్ట్రిబ్యూట్ అను ఆజ్ఞను వ్రాయుటకు ముందు, ఏయే దారులు దాటవచ్చునో పట్టీని వ్రాయుడు. దాటు ప్రతి దారికిని పుట్టుకను తెలుపు ట్యాగ్ వేయుడు. రెండవ పొలిమేర రౌటరుమీద ఆ ట్యాగ్ గలదానిని ఆపు ఆజ్ఞను అదేరోజున వ్రాయుడు. సొంత చిరునామాలు గలవారైనచో ఆర్.పి.కె.ఐ. సంతకమును ప్రకటింపుడు, ఖాతాదారులు చెప్పు దారులను వడపోయక పైకి పంపకుడు. వీటిలో చాలవాటికి క్రొత్త యంత్రమును కొనవలసిన పనిలేదు. మీ యొద్దనున్న రౌటరులోనే ఆ ఆజ్ఞలు కలవు.